‘అది’ అంటే లారీనా, పంటునా? కంప్యూటర్‌కి పరీక్ష ఎలా పెట్టాలి

[తెర మీద: కోటిపల్లి రేవు, అవతలి ఒడ్డున ముక్తేశ్వరం]

పంటు అంటే మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పడవ. ఈ రెండు వాక్యాలు చూడండి.

"లారీ పంటు మీద పట్టలేదు, ఎందుకంటే అది మరీ పెద్దది."
"లారీ పంటు మీద పట్టలేదు, ఎందుకంటే అది మరీ చిన్నది."

మారింది ఒక్క మాటే. మొదటి ‘అది’ లారీ, రెండో ‘అది’ పంటు, రేవులో ఎవర్నడిగినా టక్కున చెప్పేస్తారు. కంప్యూటర్ చెప్పగలదా అని చూడ్డానికి ఇలాంటి జంటలు వాడదామని 2011లో హెక్టర్ లెవెక్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ప్రతిపాదించారు, ఇంకో శాస్త్రవేత్త టెర్రీ వినోగ్రాడ్ 1972లో ఇచ్చిన ఒక ఉదాహరణని బట్టి దానికి వినోగ్రాడ్ స్కీమా ఛాలెంజ్ అని పేరొచ్చింది. 2016లో పోటీ పెడితే అన్నిటికన్నా బాగా చేసిన ప్రోగ్రాం 58 శాతం దగ్గరే ఆగింది. 2019కల్లా 90 వచ్చేశాయి! కానీ అదే ఏడాది, తేలిగ్గా దొరికిపోయే ఆధారాలున్న ప్రశ్నల్ని ఏరేసి దాదాపు 44,000 ప్రశ్నలతో వినోగ్రాండే అనే కొత్త పరీక్ష తయారు చేస్తే మంచి మంచి ప్రోగ్రాంలు కూడా 59, 79 మధ్యలోకి జారిపోయాయి, మనుషులకి మాత్రం 94 వచ్చింది.

ఆ ఆధారాలేంటంటే, "అది పంక్చరైంది" అని రాశామనుకోండి, పంక్చర్ మాట లారీల పక్కనే కనిపిస్తుంది కాబట్టి వాక్యం అర్థం కాకపోయినా జవాబు దొరికిపోతుంది. పోనీ "అది స్టార్ట్ కాలేదు" అందామా, పంటుకీ ఇంజనుంది, మనమే తేల్చలేం.

[తెర మీద: "మామయ్యగారు సత్తిబాబుని పిలవలేదు, కోపంగా ఉన్నారు."]

తెలుగులో ఇంకో చిక్కు. ఇక్కడ సర్వనామమే లేదు, అయినా కోపం ఎవరికో ‘ఉన్నారు’ చెప్పేసింది, సత్తిబాబుకైతే ‘ఉన్నాడు’ అనేవాళ్ళం. ‘రాజు’, ‘సీత’ అని పెట్టినా అంతే, ‘ఉన్నాడు’, ‘ఉంది’ అని క్రియే పట్టిచ్చేస్తుంది. అందుకే ఇంగ్లీషు ప్రశ్నల్ని అనువదించేసి తెలుగు పరీక్ష అనడం నాకు అస్సలు నచ్చదు, ఇద్దరికీ ఒకే క్రియ, ఒకే గౌరవం వచ్చేలా మనమే కొత్తగా రాసుకోవాలి, సర్వనామం లేని వాక్యాలూ కలపాలి.

మార్కులు జంటకి వెయ్యండి, రెండూ కరెక్టయితేనే ఒకటి. విడివిడిగా వేస్తే, ప్రతిసారీ లారీ అనే ప్రోగ్రాంకి కూడా సగం మార్కులు వచ్చేస్తాయి.

మీ ఊరి మాటల్లో జంటలు రాసి కామెంట్లలో పెట్టండి. పెట్టేముందు ఇంట్లో ఇద్దరికి విడివిడిగా చదివి వినిపించండి, వాళ్ళ జవాబులు కలవకపోతే ఆ జంట పక్కన పెట్టేసి ఇంకోటి రాయండి.