ఏ పుస్తకం కొనాలి మేడమ్?

(ఒంగోలులో ఎంబీబీఎస్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

పిల్లలూ, గైనిక్ (కాన్పులు, స్త్రీ వ్యాధుల విభాగం) పోస్టింగ్ మొదలైన వారంలోపే ప్రతి బ్యాచ్ నన్ను అడిగే మాట ఇదే. ఒక్క ముక్కలో చెప్పాలంటే, కాన్పుల మీద దత్తా గారు రాసిన పాఠ్యపుస్తకం కొనుక్కోండి. ఎందుకో చెప్పకపోతే మీరు ఊరుకోరు కాబట్టి కూర్చోండి.

నా హౌస్ సర్జన్సీలో ఒక రాత్రి కాన్పయింది, మాయ కూడా పడింది, రక్తం మాత్రం ఆగలేదు. దానికి కారణాలు నాలుగు. గర్భసంచి బిగుసుకోకపోవడం, ఎక్కడో చిరగడం, మాయ ముక్క లోపల మిగిలిపోవడం, రక్తం గడ్డకట్టకపోవడం. ఇవి నేను గుక్క తిప్పుకోకుండా చెప్పగలను, వైవాలో (నోటి పరీక్షలో) చెప్పి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ రాత్రి నా చెయ్యి ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. "అమ్మా, ముందు పొట్ట మీద చెయ్యేసి గర్భసంచిని రుద్దండి, డ్రిప్ సంగతి నేను చూస్తా" అని సిస్టర్ చెప్పింది. అప్పటిదాకా నేను చదివింది ఒక సీనియర్ ఇచ్చిన గైడు. పరీక్షకు అది చాలింది.

అందుకే షాపులో నిలబడి ముందు కాన్పు తర్వాత రక్తం ఆగకపోవడం గురించిన అధ్యాయమే తెరవండి. బిడ్డ పుట్టగానే గర్భసంచి బిగుసుకోవడానికి ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండలోకి ఇవ్వాలని, ఆ తర్వాత ఏం చేయాలో వరసగా ఉందా? తర్వాత గుర్రపువాతం, అంటే గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడం, చూడండి. మెగ్నీషియం సల్ఫేట్ నరంలోకి మెల్లగా 4 గ్రాములు, ఒక్కో పిరుదుకు 5 చొప్పున కండలోకి 10. మళ్లీ డోసు ఇచ్చే ముందు మోకాలి రిఫ్లెక్స్, శ్వాస, మూత్రం చూసుకోవాలి. రేపు మీరు యర్రగొండపాలెంలో డ్యూటీలో ఉంటే ఒంగోలు వంద కిలోమీటర్లు దాటుతుంది. 108 ఎక్కించే ముందే మొదటి డోసు పడాలి. 1983లో మొదటిసారి వచ్చిన దత్తా ఇలాంటివి మన ఆసుపత్రి భాషలో చెబుతుంది. బొమ్మలు, పట్టికలు మరీ ఎక్కువని నా ఫిర్యాదు, అది వేరే సంగతి.

కాన్పుల మీదే అమెరికా వాళ్ల పాఠ్యపుస్తకం విలియమ్స్ గొప్పది, కాదనను. 1903 నుంచీ నడుస్తోంది. 'ఎందుకు' అన్న ప్రశ్నకు దాన్ని మించింది లేదు. లైబ్రరీలో చదవండి, పీజీకి వెళితే కొనండి. అయితే అది అమెరికా వాళ్ల పద్ధతి చెబుతుంది. గర్భిణికి షుగర్ చూడాలంటే అక్కడ ముందు 50 గ్రాముల గ్లూకోజు, అనుమానం వస్తే మరో రోజు 100 గ్రాములు. కనిగిరి పల్లెల నుంచి బస్సెక్కి వచ్చిన మనిషిని పరగడుపున మళ్లీ రమ్మంటే వస్తుందా? అందుకే మన దగ్గర తిన్నా తినకపోయినా 75 గ్రాములు తాగించి, రెండు గంటలకు షుగర్ 140కి చేరిందేమో చూస్తాం. మీరు రోజూ చేయబోయేది ఇదే.

సెకండ్ హ్యాండ్ కొనండి, తప్పులేదు. ఏ ఏడాది ముద్రణో మాత్రం చూసుకోండి. నొప్పులు ఊపందుకోవడం గర్భసంచి ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర మొదలవుతుందని మేం చదివాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో దాన్ని 5 చేసింది, అమెరికా వాళ్లు 6 అంటున్నారు. పాత లెక్క పట్టుకుంటే 'కాన్పు సాగడం లేదు' అని తొందరపడి సిజేరియన్ కోత పెట్టేస్తారు. ఆ ఒక్క సెంటీమీటరు కోసం కొత్త ఎడిషన్‌కు డబ్బు పెట్టినా నష్టం లేదు.

నాకు ఇష్టమైన పుస్తకం మాత్రం వేరే. కర్నూలులో పుట్టిన ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియార్ గారు మద్రాసులో రాసింది, 1938 నాటిది. తర్వాత మీనన్ గారి పేరూ కలిసింది. రోగి మంచం పక్కన నిలబడి చెప్పినట్టు ఉంటుంది. నా పాత కాపీ ఈ బల్ల మీద పెడుతున్నాను. అట్ట ఊడిపోయింది, చూసేవాళ్లు జాగ్రత్తగా తిప్పి, మళ్లీ నాకే ఇవ్వండి.