ఇంగ్లండ్ కోటల్ని కాపాడిన చట్టానికి రిహార్సల్ మన దేశంలోనే!

మన దేశానికి ఒకప్పుడు బ్రిటిష్ వైస్రాయ్‌గా ఉన్న కర్జన్ మంచోడా, చెడ్డోడా అని పోయిన వీడియో కింద తెగ కొట్టుకున్నారు. బెంగాల్‌ని చీల్చినోణ్ణి పొగుడుతావా అని కొందరు, తాజ్‌మహల్ బాగుచేయించాడు కదా అని ఇంకొందరు. అసలు సంగతి ఎవ్వరూ పట్టుకోలా! ఇంగ్లండ్‌లో పాత కోటల్ని కాపాడిన 1913 నాటి చట్టం ఉందే, దానికి ట్రయల్ జరిగింది ఇండియాలో. మళ్లీ చెప్తున్నా, ఇండియాలో!

కథ మొదలైంది టాటర్‌షాల్ కోట దగ్గర. ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్ పల్లెల్లో, 130 అడుగుల ఎర్ర ఇటుక బురుజు. 1430ల్లో మొదలెట్టింది రాల్ఫ్ క్రామ్‌వెల్, రాజుగారి కోశాధికారి. ఆ పదవంటే ఎంత మురిపెమో, రాతి ఫైర్‌ప్లేసుల మీద కూడా డబ్బు సంచి బొమ్మలు చెక్కించుకున్నాడు!

1911లో ఆ ఫైర్‌ప్లేసుల్నే పెకలించి అమ్మేశారు. అమెరికా ఓడ ఎక్కించడమే తరువాయి. ఆపే చట్టం లేదా? ఉంది, 1882 నాటిది. యజమాని సరేనంటేనే పనిచేస్తుంది. దొంగ ఒప్పుకుంటేనే తాళం వేస్తామన్నట్టు!

అప్పుడు దిగాడు కర్జన్. కోటే కొనేశాడు. ఫైర్‌ప్లేసుల్ని లండన్‌లో పట్టుకుని వెనక్కి తెచ్చాడు.

ఇక్కడ నాకు ఒళ్లు మండుద్ది. మన కృష్ణా ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందంటారే కోహినూర్, దాన్ని 1849లో పంజాబ్‌నేలిన పదేళ్ల మహారాజు దులీప్ సింగ్ చేత రాయించుకుని పట్టుకుపోయినోళ్లు, ఫైర్‌ప్లేసులు సముద్రం దాటుతున్నాయంటే గుండెలు బాదుకున్నారు!

సరే, పాయింటుకొద్దాం. 1913లో కొత్త చట్టం. గుర్తించిన కట్టడాన్ని ముట్టుకోవాలంటే యజమానైనా నెల ముందు చెప్పాలి, ప్రభుత్వం అడ్డుకోవచ్చు. దాని వెనక నిలబడిందెవరు? కర్జనే. మరి వైస్రాయ్‌గా ఉండి 1904లోనే ఇక్కడ తెచ్చిందేంటి? పురాతన కట్టడాల చట్టం! రక్షిత కట్టడాన్ని బయటోడెవడైనా పాడుచేస్తే 5,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు.

నా లెక్క ఇదీ. ఇంగ్లండ్‌లో జమీందారు ఆస్తి జోలికెళ్తే పార్లమెంటే ఊరుకోదు. ఇక్కడ మనల్ని అడిగేదెవడు? అందుకే ముందు మన మీద నడిపి చూసి, తొమ్మిదేళ్లకి సొంతూరికి పట్టుకెళ్లాడు. కాదంటారా? కారణం చెప్పండి, ఊరికే తిట్టకండి.

1925లో పోతూ ఆ కోటను పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి రాసిచ్చాడు. యూకేలో ఉన్న మనోళ్లు వెళ్తే, అక్కడోళ్లని 1904 గురించి అడగండి. ఏమన్నారో కింద రాయండి, పిన్ చేస్తా.