గురజాడ డాక్యుమెంటరీలో అసిరిగాడు ఎక్కడ?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే ముగ్గురు చదివేశారు, నేనూ చదివితే వాళ్లకే విసుగొస్తుంది. గురజాడ మీద ఇప్పుడు మనం చూసిన డాక్యుమెంటరీ తీసిన బాబు ముందు వరసలోనే ఉన్నాడు. మంచిదే, వెనకాల అనడం నాకు చేతకాదు.

బొమ్మలు బాగున్నాయి. డ్రోన్ ఎగరేసి మన విజయనగరం కోటని పైనుంచి చూపించారు, పుట్టి బుద్ధెరిగాక నేనెప్పుడూ అంత అందంగా చూళ్లేదు. ఎస్.రాయవరం చూపించి, 1862లో అప్పారావుగారు పుట్టింది అక్కడేనని చెప్పారు. ఇల్లు, విగ్రహం, వెనక వేణువు, అన్నీ కుదిరాయి. ఆయన నాటకం ‘కన్యాశుల్కం’ మీద 1955లో వచ్చిన సినిమాలోని రామారావు గిరీశాన్ని, సావిత్రి మధురవాణిని కూడా చూపించారు. మరి ఏళ్ల తరబడి స్టేజీ మీద గిరీశం కట్టిన మన జె.వి. రమణమూర్తిగారి ఫొటో ఒక్కటైనా పెట్టొద్దా?

సరే, అదలా ఉంచండి. నా బాధ వేరే. ‘ఉత్తరాంధ్ర మాండలికపు సొగసు’ అని కామెంటరీలో ఎన్నిసార్లన్నారో గానీ, ఆ సొగసు ఒక్క ముక్కైనా చెవిన పడనివ్వలేదు. చెప్పిందంతా రేడియో వార్తల తెలుగులో!

నేను కుర్రతనం నుంచీ కన్యాశుల్కంలో అసిరిగాడి వేషం కట్టాను. అదేనండీ, లుబ్ధావధాన్లు నౌకరు. ఆ యాస నాకు పుస్తకంలోంచి రాలేదు, మా పాలేరు కళ్లంలో ఎడ్లని తిడుతుంటే పక్కన కూచుని పట్టుకున్నాను. ఆ సంగతే చెబుతూ కెమెరా ముందు రెండు ముక్కలు అనగానే ఈ బాబు, “మాస్టారూ, కొంచెం నీట్‌గా చెప్పండి, స్టేట్ అంతా చూస్తారు కదా” అన్నాడు. అసిరిగాడు నీట్‌గా మాట్లాడితే ఇంక వాడు అసిరిగాడెలా అవుతాడయ్యా? అగ్రహారం మాట ఒకటి, గిరీశం ఇంగ్లీషు కలిపి కొట్టే కోతలొకటి, సారాకొట్టు సీన్లో బైరాగి, హవల్దారు మాట్లాడేది ఇంకొకటి. అన్నీ ఒక్కలా ఇస్త్రీ చేసేస్తే ఇంక నాటకం ఎక్కడుంది? మధ్యాహ్నమంతా నన్ను మాట్లాడించుకున్నారు, చివరికి తెరమీద నేను తల ఊపడం మాత్రం మిగిలింది. నవ్వకండి, మా ఆవిడ ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించింది.

ఇంకోటి. గురజాడని ‘సంఘసంస్కర్త’ అని ఊరికే అంటే ఏం తెలుస్తుంది? 1897లో నాటకం అచ్చయినప్పుడు ఆయన ఇంగ్లీషులో ముందుమాట రాశారు, అందులో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజావారు విశాఖ జిల్లా బ్రాహ్మణ ఇళ్లలో మూడేళ్లలో కన్యాశుల్కం, అంటే పిల్లనిచ్చినందుకు డబ్బు, పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తీయిస్తే 1034 తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఏడాది పిల్లండీ! పొత్తిళ్లలో పాపకి 350 నుంచి 400 రూపాయల రేటు. ఇవెక్కడి పెళ్లిళ్లు? మా అగ్రహారాలవే, మా ముత్తవ్వలవే. మా ఇంట్లో అలాంటిది జరగలేదని గట్టిగా చెప్పగలిగినవాళ్లు చెయ్యెత్తండి చూద్దాం. ఎత్తరేం?

ఆయన మూలాలు చూపించాలంటే ఈ లెక్క చదివి, అటుపైన మన విజయనగరంలోని బొంకులదిబ్బ చూపించాలి. నాటకం తెర లేచేదే అక్కడ. ఇప్పుడక్కడ నిలబడి ఓ అరగంట మైకు పట్టుకుంటే చాలు, గిరీశం వారసులు నలుగురైదుగురు తగులుతారు, అసిరిగాడి మనవలూ తగులుతారు. వాళ్లకి చెప్పడానికి చాలా ఉంది.

చీటీ అందింది, టైమైపోయిందట. ఒక్క మాట బాబూ, కోపం తెచ్చుకోకు. ఆ మధ్యాహ్నం తీసిన రికార్డింగు నువ్వు వాడుకోకపోతే పోయావు, చెరిపెయ్యకు. ఓ కాపీ మన లైబ్రరీకి ఇప్పించు. ఇక్కడ నాటకం నేర్చుకుంటున్న కుర్రాళ్లున్నారు, వాళ్లకి అసిరిగాడి వేషం ఎవరూ చెప్పట్లేదు, అందరికీ గిరీశమే కావాలి.