3,080 రూపాయల గడ్డం సబ్బు

హాయ్ అండీ, బాగున్నారా? లండన్‌లో దొరలు వాడే గడ్డం సబ్బు చూపించరా అని ఒంగోలు నుంచి బాబాయి మూడు నెలలుగా పోరుతున్నాడు. సరే అని జెర్మిన్ స్ట్రీట్‌కి వచ్చాను. 1805 నుంచి గడ్డాలు గీస్తున్న ట్రూఫిట్ అండ్ హిల్ ఈ చుట్టుపక్కలే.

ఒక షాపులో చెక్క గిన్నెలో సబ్బు, 100 గ్రాములు, 28 పౌండ్లు. పౌండుకి 110 వేసుకోండి, 3,080 రూపాయలు! పక్కనే తెల్ల బిళ్ల ఒకటి. ఏంటా అని చూస్తే పటికండీ, మన పటికే! 8 పౌండ్లట. మా వీధి కిరాణా కొట్లో పది రూపాయలకి ఇచ్చేవాళ్లు. పటిక వదిలేసి సబ్బు కొన్నాను, బాబాయి మాట తీసేయలేక.

అక్కణ్నుంచి గ్రీన్ లేన్స్, టర్కీ వాళ్ల కొట్లుండే వీధి. ఈ కొత్తిమీర కట్ట చూడండి! సూపర్ మార్కెట్లో నాలుగు రెమ్మలు కవర్లో పెట్టి అమ్ముతారు, ఇక్కడ కట్టంటే కట్టే. ఆ... సబ్బు. ఆర్కో అని టర్కీ కడ్డీ, 75 గ్రాములు 2 పౌండ్లు. అంటే గ్రాము మూడు రూపాయలు. గిన్నెలోది గ్రాము ముప్పై ఒకటి.

కడ్డీ వెనక పొటాషియం టాలోయేట్ అని ఉంది. టాలో అంటే జంతువుల కొవ్వు, అమ్మమ్మకి చెప్పకండి. నురగ చిక్కగా నిలబడేది ఆ కొవ్వుతోనూ, స్టియరిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లంతోనూ.

ఇంటికొచ్చి ముందు ఖరీదైనదే రుద్దాను. ఇంట్లోంచే పని కదా, నేను గడ్డం గీసినా మానినా అడిగేవాళ్లు లేరు, వారమైంది. ఎంత తిప్పినా నురగ లేచినట్టే లేచి చప్పున చల్లారిపోతోంది. 3,080 అండీ!

వీడియో కాల్లో నాన్న చూస్తున్నారు. "సబ్బునేం తిట్టకు. టీ కెటిల్ అడుగు చూపించు."

చూపించాను. తెల్లగా సున్నం పేరుకుపోయి ఉంది.

"మన బోరు నీళ్లేరా అవి. కాచి, తేరాక వాడు."

నిజమే, లండన్ నీళ్లలో సున్నం ఎక్కువ. కాచిన నీళ్లతో తిప్పితే, అబ్బ, మీగడలా నిలబడింది! తర్వాత కడ్డీ. అదీ అంతే నిలబడింది, బ్లేడు అంతే మెత్తగా జారింది. గిన్నెది గంధం వాసన, కడ్డీది నిమ్మకాయ బట్టల సబ్బు వాసన. తేడా అంతే. మళ్లీ కొంటే కడ్డీయే కొంటాను. గిన్నె మాత్రం బాగుంది, పోపు డబ్బా పక్కన పెడతా.

మొహం కడుక్కుని వచ్చేసరికి నాన్న ఇంకా లైన్లోనే ఉన్నారు.

"ఎడమ చెవి కింద వదిలేశావు చూడు."