ప్లేటు నీలంగా మారితే చాలా? బ్యాక్టీరియల్ టూ హైబ్రిడ్ రివ్యూ

అందరికీ నమస్కారం, తిరుపతి నుంచి. ఈసారి ఫోనూ కాదు, ల్యాప్‌టాపూ కాదు. బ్యాక్టీరియా కణంలో రెండు ప్రోటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయా లేదా అని తేల్చే పద్ధతికి రివ్యూ ఇస్తా ఉన్నా. పేరు బ్యాక్టీరియల్ టూ హైబ్రిడ్. 1998లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తెచ్చారు.

కోరింత దగ్గు తెప్పించే బ్యాక్టీరియాలో అడినైలేట్ సైక్లేజ్ అని ఒక ఎంజైమ్ ఉంది. దాన్ని టీ25, టీ18 అని రెండు ముక్కలు చేశారు. విడివిడిగా ఉంటే ఎందుకూ పనికిరావు. మన ప్రోటీన్లు చెరొక ముక్కకి అతికించి, సొంత సైక్లేజ్ లేని ఈ-కోలై అనే బ్యాక్టీరియాలోకి పంపిస్తాం. అవి కలిస్తే ముక్కలూ దగ్గరికొస్తాయి. ఎంజైమ్ మళ్లీ పనిచేసి సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న సంకేత అణువు పుడుతుంది, దాంతో లాక్టోజ్ చక్కెరని విరిచే ఎంజైమ్ తయారుచేసే లాక్ జీన్లు లేస్తాయి, ఆ ఎంజైమ్ విరిస్తే నీలమయ్యే ఎక్స్-గాల్ ఉన్న ప్లేటు మీద కాలనీ నీలమవుతుంది.

ఇదిగో, కెమెరా దగ్గరికి పెడతా. ఈ అంచున ముదురు నీలం చుక్కలు లూసిన్ జిప్పర్, ఒకదాన్నొకటి పట్టుకుంటాయని ముందే తెలిసిన జత, అంటే పాజిటివ్ కంట్రోల్. ఆ అంచున మీగడ రంగువి ఖాళీ ప్లాస్మిడ్లు, అంటే మన ప్రోటీన్ల జీన్లు లేని డీఎన్ఏ వలయాలు. మధ్యలో లేత నీలం ఉన్నాయే, అవి నావి. వీటికోసం పడిన పాట్లు అడక్కండి.

అడక్కపోయినా చెప్తా. ప్లేట్లు 30 డిగ్రీల్లో ఉంచాలి. నేను మామూలు ఇంక్యుబేటర్‌లో నాబు 30కి తిప్పి నిశ్చింతగా ఉన్నా. మే నెల, మన తిరుపతి! అది వేడి చేస్తుందే గానీ చల్లబరచదు కదప్పా, గదే 36 ఉంటే 30కి ఎట్లా దిగుతుంది? జిప్పర్ నీలంగానే వచ్చింది, నావి మాత్రం తెల్లగా. "కలవట్లేదు సార్" అని గైడ్‌కి చెప్పేశా కూడా. తర్వాత పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ల, చల్లబరచగలిగే బీఓడీ ఇంక్యుబేటర్ అడుక్కుని పెడితే రెండో రోజు సాయంత్రానికి రంగు తేలింది. కాబట్టి లోపల ఒక థర్మామీటర్ పెట్టండి, డిస్‌ప్లేని నమ్మకండి.

నాకు బాగా నచ్చింది, కణం పొరలో ఉండే ప్రోటీన్లకీ పనిచేయడం. సైక్లిక్ ఏఎంపీ కణమంతా తిరిగేస్తుంది కాబట్టి కలయిక ఏ మూల జరిగినా సరే. ప్రోటీన్ శుద్ధి చేసే పనిలేదు, నికెల్ బీడ్స్, యాంటీబాడీల ఖర్చూ లేదు.

నచ్చనిది, తెలుపు. తెల్లగా వస్తే కలవట్లేదని ఖాయం కాదు. ముక్క తప్పు కొసన అతికితే కలిసే ప్రోటీన్లు కూడా కలవవు. కొసలు మార్చి మార్చి మళ్లీ క్లోనింగ్, అంటే జీన్‌ని ప్లాస్మిడ్‌లో అతికించే పని, ప్రాణం తీస్తుంది. ప్రోటీన్ ఒక మందు అణువుని పట్టుకుంటుందా అంటే ఇది అసలు చెప్పదు.

పదికి ఏడున్నర. సోమవారం ఈ లేత నీలాన్ని, అదే లాక్ ఎంజైమ్ విరిస్తే పసుపయ్యే ఓఎన్‌పీజీతో కొలుస్తా, పసుపు ఎంత వస్తుందో చూద్దాం. గైడ్‌కి ఇంకా చెప్పలేదు.