ముఖం వాచిందంటే తేలిగ్గా తీసుకోకండి: క్యాన్సర్ రోగుల పెద్ద సిరల్లో వేసే స్టెంట్ గురించి

అందరికీ నమస్కారం. స్టెంట్ అనగానే మనకు గుండెపోటే గుర్తొస్తుంది. ఇవాళ నేను చెప్పబోయేది ఆ స్టెంట్ కాదు. క్యాన్సర్ గడ్డ నొక్కేసిన పెద్ద సిరను తెరవడానికి వేసేది. ఇలాంటిది ఒకటుందని చాలా కుటుంబాలకు తెలియదు. తెలిసేసరికి రోగి నానా యాతన పడి ఉంటారు.

తల, మెడ, చేతుల నుంచి తిరిగొచ్చే రక్తమంతా ఛాతీలో ఒకే సిరలో కలిసి గుండెకు చేరుతుంది. దాన్ని ఊర్ధ్వ మహాసిర అంటారు. పొడవు సుమారు 7 సెంటీమీటర్లు. గోడ పల్చన, లోపల ఒత్తిడీ తక్కువే. చుట్టూ లింఫ్ గ్రంథులుంటాయి, అవి వాస్తే ముందు అణిగిపోయేది ఇదే. 1757లో విలియం హంటర్ అనే వైద్యుడు ఈ సిర మూసుకుపోయే జబ్బును వర్ణించినప్పుడు కారణం సిఫిలిస్ అనే సుఖవ్యాధి వల్ల ఉబ్బిన బృహద్ధమని, అంటే గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం. ఇప్పుడు చాలామందిలో కారణం క్యాన్సరే. ముఖ్యంగా ఊపిరితిత్తులది, తర్వాత లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్. కీమో మందు ఎక్కించడానికి చర్మం కింద పెట్టిన పోర్టు అనే చిన్న పరికరం గొట్టం దగ్గర రక్తం గడ్డకట్టినా సిర మూసుకుపోవచ్చు.

ఇంట్లో ఇది ఎలా కనిపిస్తుందో వినండి. పొద్దున లేచేసరికి ముఖం, కళ్ల చుట్టూ ఉబ్బి ఉంటుంది. మధ్యాహ్నానికి కాస్త తగ్గుతుంది. చొక్కా పై గుండీ పట్టదు. చెప్పులు వేసుకోవడానికి వంగితే తల పగిలిపోతున్నట్టుంటుంది. పడుకుంటే ఆయాసం. దిండు మీద దిండు వేస్తారు, చివరికి కుర్చీలోనే తెల్లవారుతుంది. ఛాతీ మీద నీలం నరాలు తేలతాయి. రక్తం పక్కదారులు వెతుక్కుంటోందన్నమాట. ఎలర్జీ అనో, కిడ్నీ అనో, కీమో పడలేదనో అనుకుని రోజులు గడిపేయకండి. క్యాన్సర్ ఉన్న మనిషి ముఖం వాస్తే అదే రోజు డాక్టరుకు చెప్పండి. ఊపిరి పీల్చినప్పుడు గొంతులో కీచుమన్నా, మనిషి మత్తుగా, అయోమయంగా ఉన్నా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

కీమో, రేడియేషన్ కూడా ఈ వాపు తగ్గిస్తాయి. కానీ వాటికి రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. పైగా రేడియేషన్ బల్ల మీద వెల్లకిలా పడుకోలేని మనిషికి రేడియేషన్ ఎలా ఇస్తాం? 1980ల నుంచి వాడుకలోకి వచ్చిన స్టెంట్ ఇక్కడే ఆదుకుంటుంది.

చాలావరకు మత్తు ఇంజెక్షన్ ఆ చోట మాత్రమే ఇస్తారు. గజ్జల్లోని సిర ద్వారా సన్నని తీగ ఛాతీదాకా పంపి, రంగు మందు ఎక్కిస్తారు. ఎక్స్‌రే తెర మీద మందు ఇరుకు దగ్గర ఆగిపోయి, వంకర టింకర చిన్న సిరల్లోకి మళ్లుతుంది. తీగను ఇరుకు దాటించి, అవసరమైతే బెలూన్‌తో వెడల్పు చేసి, తనంతట తాను విచ్చుకునే లోహపు జాలీ గొట్టం వదులుతారు. మళ్లీ మందు ఎక్కిస్తే ఈసారి తిన్నగా గుండెకు వెళ్తుంది, ఆ చిన్న సిరలు తెర మీంచి మాయమవుతాయి. తలబరువు చాలామందికి వెంటనే, ముఖం వాపు ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. చేతుల వాపుకు ఇంకొంచెం సమయం కావాలి.

దీనివల్ల గడ్డ కరగదు. క్యాన్సర్ చికిత్స దాని దారిన జరగాల్సిందే. గడ్డ పెరిగి, లేదా రక్తం గడ్డకట్టి స్టెంట్ మళ్లీ మూసుకుపోవచ్చు, అప్పుడు తిరిగి తెరవడానికి ప్రయత్నిస్తారు. అరుదుగా సిర చిరగడం, స్టెంట్ జారడం, గుండె చుట్టూ రక్తం చేరడం లాంటి ప్రమాదాలున్నాయి. సంతకం పెట్టే ముందు అన్నీ అడగండి. రక్తం పల్చబడే మందులు ఎవరికి, ఎన్నాళ్లు అన్నది మనిషిని బట్టి డాక్టర్లు నిర్ణయిస్తారు.

కింది శరీరం నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే అధో మహాసిర కడుపులో నొక్కుకుపోతే కాళ్లు, పొత్తికడుపు వాస్తాయి. కాలేయానికి పాకిన క్యాన్సర్లలో ఇది చూస్తాం. అక్కడా స్టెంట్ వేయవచ్చు, కానీ కాళ్ల వాపుకు వేరే కారణాలు చాలా ఉంటాయి కాబట్టి ముందు స్కాన్‌లో తేల్చుకోవాలి.

"నాలుగో స్టేజి కదా, ఇప్పుడివన్నీ ఎందుకు" అనే మాట నేను ఒప్పుకోను. ఆ స్టేజిలో ఉన్న మనిషికీ రాత్రి పడుకుని నిద్రపోయే హక్కు ఉంది. ఈ స్టెంట్ వేసే డాక్టరును ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు అంటారు. మీ ఆంకాలజిస్టు, అంటే క్యాన్సర్ డాక్టరు, ఈ ప్రస్తావన తేకపోతే మీరే అడగండి: "ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టుకు ఒకసారి చూపిద్దామా సార్?"

ఇక మీ సందేహాలు అడగండి.