మంచునీళ్ల తొట్టి ముందు, అంబులెన్స్ తర్వాత

శ్రోతలకు నమస్కారం.

ఏదైనా యూనివర్సిటీ క్రీడల్లో ఏం సాధించిందని అడిగితే మనం ముందు కప్పులు, పతకాలు లెక్కపెడతాం. అమెరికాలోని కనెక్టికట్ యూనివర్సిటీకి ఆ లెక్కలో ఏ లోటూ లేదు. అక్కడి అబ్బాయిల బాస్కెట్‌బాల్ జట్టు 2023లోనూ 2024లోనూ వరసగా జాతీయ చాంపియన్ అయింది. 2025లో అమ్మాయిల జట్టు గెలిచింది. అయితే ఈ రోజు నేను చెప్పబోయేది ఆ జట్ల గురించి కాదు. మైదానం గీత పక్కన ఒక కిట్‌బ్యాగు, గుండె ఆగితే షాక్ ఇచ్చే మిషన్, తొట్టి నిండా మంచునీళ్లు సిద్ధంగా పెట్టుకుని నిలబడే మనుషుల గురించి, వాళ్లను తయారుచేసే చదువు గురించి. వాళ్లను అథ్లెటిక్ ట్రైనర్లు అంటారు.

కోచ్ ఆట నేర్పుతాడు. ఆటగాడి ఒంటి బాగోగులు అథ్లెటిక్ ట్రైనర్ చూస్తారు. ప్రాక్టీసుకు ముందు చీలమండకు పట్టీ వేయడం దగ్గర్నుంచి, దెబ్బ తగిలితే అక్కడికక్కడే అది బెణుకా, విరిగిందా అని తేల్చడం, తలకు దెబ్బ తగిలినవాణ్ణి ఆట మధ్యలోనే బయటికి పంపించేయడం, ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి కసరత్తులు చేయించి మళ్లీ మైదానంలో దింపడం దాకా అంతా వాళ్ల చేతుల మీదే నడుస్తుంది. డాక్టర్ పర్యవేక్షణలో పనిచేసే ఆరోగ్య వృత్తిగా అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని 1990లో గుర్తించింది.

కనెక్టికట్‌నే ఎందుకు ఎంచుకున్నానో చెబుతాను. 2001 ఆగస్టు 1న మిన్నెసోటా వైకింగ్స్ జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ చనిపోయాడు. వయసు 27. ఎండలో ప్రాక్టీసు చేస్తూ వడదెబ్బకు గురయ్యాడు. ఆరున్నర అడుగులకు దగ్గర మనిషి, ప్రొఫెషనల్ జట్టు, చుట్టూ అంతమంది సిబ్బంది. అయినా ప్రాణం దక్కలేదు. ఆయన భార్య కెల్సీ ఆ దుఃఖాన్ని అక్కడితో వదిలేయలేదు. 2010లో ఆయన పేరు మీదే కనెక్టికట్ యూనివర్సిటీలో ఒక సంస్థ మొదలైంది. దాన్ని నడిపిస్తున్న ప్రొఫెసర్ డగ్లస్ కాసా కూడా వడదెబ్బ నుంచి బయటపడ్డ మనిషే. 1985లో, హైస్కూలు కుర్రాడిగా పది వేల మీటర్ల పరుగు చివరి ల్యాప్‌లో కుప్పకూలాడు. వెంటనే చల్లబరిచినవాళ్లు దగ్గరుండబట్టి బతికాడు. పెద్దయ్యాక అదే విషయం మీద జీవితమంతా పనిచేస్తున్నాడు.

వాళ్లు చెప్పేది ఒక్కటే మాట: ముందు చల్లబరచండి, ఆ తర్వాతే ఆసుపత్రికి తరలించండి. వినడానికి ఇది మనకు తలకిందులుగా అనిపిస్తుంది. ఎవరైనా పడిపోతే మనం ముందు ఆటో కోసం పరిగెడతాం. కానీ పరుగులో వచ్చే వడదెబ్బలో శరీరం లోపలి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటిపోతుంది. అది ఎంతసేపు అలాగే ఉంటే మెదడు, కాలేయం, కిడ్నీలు అంత దెబ్బతింటాయి. అరగంటలోపు దించగలిగితే మనిషి దాదాపుగా బయటపడ్డట్టే. ఆ అరగంట దారిలోనే అయిపోతే?

ఆ చల్లబరిచే పని ఎలా జరుగుతుందో కాస్త దగ్గర్నుంచి చూద్దాం. అక్కడ చాలామంది వాడేది పశువులకు నీళ్లు పెట్టే పెద్ద ప్లాస్టిక్ తొట్టి. ప్రాక్టీసు మొదలయ్యేలోపే సగానికి పైగా నీళ్లు నింపి, మంచుగడ్డలు పక్కనే పెట్టుకుంటారు. ఆటగాడు తూలుతూ, అడిగినదానికి పొంతన లేకుండా మాట్లాడుతున్నాడంటే ముందు లోపలి వేడి చూడాలి. నుదుటి మీదో చంకలోనో పెట్టే థర్మామీటర్‌ను ఇక్కడ నమ్మకూడదు. అది తక్కువ చూపించి మోసం చేస్తుంది. అందుకే మలద్వారం నుంచి కొలుస్తారు. విద్యార్థులు మొదట్లో దీనికి మొహమాటపడతారు. ఆ మొహమాటం పోగొట్టడం కూడా శిక్షణలో భాగమే. తర్వాత బూట్లు, హెల్మెట్ తీసేసి, మెడ దాకా నీళ్లలో దించుతారు. తల మునిగిపోకుండా చంకల కింద నుంచి ఒక దుప్పటి వేసి వెనక ఒకరు పట్టుకుంటారు. ఇంకొకరు చేత్తో నీళ్లు కలుపుతూనే ఉంటారు, ఎందుకంటే నీళ్లు కదలకపోతే ఒంటి చుట్టూ గోరువెచ్చటి పొర ఏర్పడుతుంది. ఇలా చేస్తే అయిదు నిమిషాలకు సుమారుగా ఒక డిగ్రీ దిగుతుంది. 39కి కొంచెం కిందికి రాగానే బయటికి తీసి అప్పుడు అంబులెన్స్ ఎక్కిస్తారు.

మసాచుసెట్స్‌లోని ఫాల్మత్‌లో ప్రతి ఆగస్టులో సముద్రం పక్కన ఏడు మైళ్ల పరుగు జరుగుతుంది. తేమ, ఎండ, దానికి తోడు అందరూ గట్టిగా పరిగెత్తేవాళ్లే. అక్కడి వైద్య శిబిరంలో 18 ఏళ్ల రికార్డులు పరిశీలిస్తే 274 మందికి ఇలాంటి వడదెబ్బ తగిలింది. అందరినీ మంచునీళ్లలో దించారు. అందరూ బతికారు. కనెక్టికట్ విద్యార్థులు ఆ శిబిరంలో వచ్చి పనిచేస్తారు. ఒక యూనివర్సిటీ సాధించింది ఏమిటని నన్నడిగితే నేను ముందు ఈ అంకె చెబుతాను, బాస్కెట్‌బాల్ కప్పులు ఆ తర్వాత.

చదువు ఉన్నంత మాత్రాన అన్నీ సర్దుకుంటాయని కూడా అనుకోకూడదు. 2018లో మేరీల్యాండ్ యూనివర్సిటీలో జోర్డన్ మెక్‌నెయిర్ అనే 19 ఏళ్ల ఫుట్‌బాల్ విద్యార్థి పరుగుల ప్రాక్టీసులో వడదెబ్బకు గురై చనిపోయాడు. మైదానంలో శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నారు. కానీ మంచునీళ్లలో దించలేదు, అంబులెన్స్‌కు ఫోన్ చేసేసరికే గంట దాటింది. తప్పు తమదేనని యూనివర్సిటీ ఒప్పుకుంది. నా అభిప్రాయంలో ఇలాంటి చోట అసలు చూడాల్సింది ఒకటి ఉంది. ఆటగాణ్ణి ఆపేయమని చెప్పే అధికారం ట్రైనర్‌కు ఉందా, లేక కోచ్ ముఖం చూసి నోరు మెదపాల్సిన పరిస్థితా? ఎంత మంచి కోర్సు చదివినా ఆ అధికారం లేకపోతే చేతులు కట్టేసినట్టే. అందుకే ఇప్పుడు ట్రైనర్లు కోచ్‌కు కాక డాక్టర్‌కు జవాబుదారీగా ఉండాలనే మాట అక్కడ గట్టిగా వినిపిస్తోంది.

2023 జనవరి 2న సిన్సినాటిలో టీవీలో లక్షల మంది చూస్తుండగా బఫలో బిల్స్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాడు డమార్ హామ్లిన్ గుండె ఆగి పడిపోయాడు. మైదానంలోనే సీపీఆర్ మొదలుపెట్టి అతన్ని దక్కించుకున్నవాళ్లలో ముందు నిలిచింది డెన్నీ కెల్లింగ్టన్ అనే అసిస్టెంట్ అథ్లెటిక్ ట్రైనర్. అంతకు ముందు ఆయన ఏళ్ల తరబడి సిరక్యూజ్ యూనివర్సిటీలో విద్యార్థి ఆటగాళ్లతోనే పనిచేశాడు. హామ్లిన్ అదే ఏడాది మళ్లీ ఆటలోకి దిగాడు.

ఇక అవకాశాల మాట. ఒకప్పుడు ఇది డిగ్రీ కోర్సు. ఇప్పుడు మాస్టర్స్ స్థాయికి పెంచారు, 2022 తర్వాత కొత్తగా బ్యాచిలర్స్‌లో చేర్చుకోవడం ఆపేశారు. దాదాపు రెండేళ్లు. సగం తరగతి గదిలో, సగం స్కూలు మైదానాల్లో, ఆసుపత్రుల్లో, యూనివర్సిటీ జట్ల వెంట. ఆ తర్వాత సర్టిఫికేషన్ పరీక్ష, దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ లైసెన్సు. ఉద్యోగం అంటే ప్రొఫెషనల్ జట్టే అనుకోనక్కర్లేదు. హైస్కూళ్లు, సైనిక శిక్షణ కేంద్రాలు, డాన్స్ బృందాలు, బరువులు మోసే కార్మికులున్న ఫ్యాక్టరీలు కూడా వీళ్లను తీసుకుంటున్నాయి. సాఫ్ట్‌వేర్ జీతాలు మాత్రం ఆశించకండి. మధ్యస్థంగా ఏడాదికి 60 వేల డాలర్ల దగ్గర ఉంటుంది, శని ఆదివారాలు మైదానంలోనే గడుస్తాయి. ఇష్టం లేనివాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది. నిమ్స్‌లోనో స్విమ్స్‌లోనో, మరెక్కడైనా బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, చదివి ఆటల మీద మక్కువ ఉన్న మన పిల్లలకు మాత్రం ఇది చక్కగా సరిపోయే దారి. శరీర నిర్మాణం, ఫిజియాలజీ వాళ్లు ఎలాగూ చదివే ఉంటారు. ఫీజులు ఎక్కువ కాబట్టి చేరేముందే స్కాలర్‌షిప్‌ల గురించి, చివర్లో సర్టిఫికేషన్ పరీక్షకు అర్హత వస్తుందా అన్నదాని గురించి రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

అమెరికా దాకా వెళ్లలేనివాళ్లు మన దగ్గరే ఎక్కువ కదా. మన కోసం ఈ చదువులోంచి ఇప్పటికిప్పుడు తీసుకోగలిగింది ఒకటి ఉంది. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం పెట్టిన పరుగులో పది మందికి పైగా యువకులు చనిపోయారు. మన రాష్ట్రాల్లోనూ పోలీసు, ఆర్మీ సెలక్షన్ల కోసం పిల్లలు పొద్దున్నే గ్రౌండ్‌కు వెళ్లి ప్రాణం పెట్టి పరిగెడుతున్నారు. ఖాళీ కడుపుతో, నిద్ర చాలక, టెన్షన్‌తో.

పీఈటీ మాస్టార్లూ, అకాడమీలు నడిపేవాళ్లూ, తొట్టి కొనలేకపోయినా ధాన్యం మీద కప్పే టార్పాలిన్ పట్టా మీ ఊళ్లో దొరుకుతుంది. పరుగు ఉన్న రోజు ఆ పట్టా, రెండు మూడు డ్రమ్ముల నీళ్లు, ఐస్ ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన మంచు దగ్గర పెట్టుకోండి. ఎవరైనా పడిపోయి, ఒళ్లు కాలిపోతూ, తెలివి తప్పి మాట్లాడుతుంటే 108కి ఒకరు ఫోన్ చేయండి. మిగతావాళ్లు మనిషిని పట్టా మధ్యలో పడుకోబెట్టి, అంచులు నలుగురూ ఎత్తి పట్టుకుని, మంచు కలిపిన నీళ్లు పోసి అటూ ఇటూ ఊపుతూ ఉండండి. తల, ముఖం నీళ్లకు పైనే ఉండేలా ఒకరు పట్టుకోవాలి. తెలివిలో లేనప్పుడు నోట్లో మజ్జిగ గానీ నీళ్లు గానీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108 వచ్చేదాకా చల్లబరచడం ఆపకండి. పరుగు మొదలయ్యేముందే ఎవరు ఫోన్ చేయాలి, ఎవరు పట్టా పట్టుకోవాలి అన్నది పేర్లతో సహా అనుకుని, ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూడండి.

సెలవు. నమస్కారం.